మంచు అంటని రెయిలింగ్ కోసం

జూలైలో ఒక శుక్రవారం తెల్లవారుజామున, ఐదు కావడానికి పది నిమిషాల ముందు పారమట్టా స్టేషన్లో రైలెక్కాను. వీపున బ్యాగు, చంకలో దుప్పటిముక్క చుట్టిన మూరెడు చెక్కపలక. ఆ పలక మీద మా కంపెనీ పూత ఉంది.

మాది రంగులూ పూతలూ తయారుచేసే చిన్న కంపెనీ. ఆరుబయట ఉండే వాటి మీద మంచు గడ్డకట్టి పేరుకోకుండా చూసే పూత కోసం రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మే నెలలో స్నోయీ పర్వతాల మీద ఒక లాడ్జికి వెళ్ళి, గుమ్మం ముందు మెట్ల రెయిలింగుకు రెండు రకాలు పూసి వచ్చాను. కుడివైపు పూసింది నేను తయారుచేసిన రకం. దాని మీద నీళ్ళు తామరాకు మీద బొట్టులా దొర్లిపోతాయి. ఎడమవైపుది మెత్తటి రబ్బరులాంటి పూత. పోల్చి చూడడానికి ఒకటుండాలి కదా అని పూసిందే తప్ప దాని మీద నాకు ఆశలేం లేవు. ఇక్కడ జూలై అంటే నడిచలికాలం. ఇప్పుడు చలి ముదిరింది, ఫలితం చూసి రావాలి.

ఆరింటికి సెంట్రల్ స్టేషన్ దగ్గర, ఆ పర్వతాల కింది జిండబైన్ ఊరికి వెళ్ళే బస్సు. ఈ కాలంలో శుక్రవారం సీట్లు దొరకవు, టికెట్ ముందే తీసుకోవడం మంచిది. నా పక్క వరసలో నెల్లూరి దంపతులు కూర్చున్నారు. ఆయన రిటైరైన డాక్టరు. దారిలో గౌల్బర్న్ ఊరు దాటాక ఆంటీ నాకొక ఇడ్లీ పొట్లం ఇచ్చారు.

"ఈ దేశానికొచ్చి ముప్పయ్యేళ్ళయిందమ్మా. స్నో చూడ్డం మాత్రం ఇదే ఫస్ట్ టైం. ఎప్పుడడిగినా ఈయనకి డ్యూటీనే" అన్నారు.

అంకుల్ నా పలక సంగతి అడిగి తెలుసుకున్నారు. "ఐస్ అంటుకోని పెయింటా? ముందు మా ఫ్రీజర్‌కి వెయ్యమ్మా. నెలకోసారి గరిటె పెట్టి గోకలేక చస్తున్నా."

కూమాలో పావుగంట ఆగాం. అక్కణ్ణుంచి చెట్లు పలచబడి, పచ్చిక పాలిపోయి కనిపించింది. ఒంటిగంటకు జిండబైన్‌లో దిగి, ఇంకో బస్సులో కొండ అడుగుకు చేరి, సొరంగం గుండా పైకి వెళ్ళే రైలెక్కాను. మూడింటికి బయటికొస్తే ఎటు చూసినా తెలుపే. ఆంటీ ఒక ముద్ద తీసి చేతిలో పెట్టుకుని, అది కరిగేదాకా చూస్తూ ఉన్నారు. వాళ్ళకు చెప్పి నా దారిన నేను నడిచాను.

లాడ్జి మేనేజరు పేరు బెవ్. అరవై దాటిన మనిషి. పోయినేడు ఈ మెట్ల మీదే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆవిడ ఆశ రెయిలింగు మీద కాదు, మెట్ల మీద.

"ఈ ఏడాది నా మెట్లకు పూస్తావుగా?" అని గుమ్మంలోనే అడిగింది.

"పలక తెచ్చాను. రాత్రికి మెట్టు మీద పెడదాం. పొద్దున్న చూసి చెబుతాను" అన్నాను.

గుమ్మడికాయ సూపు, రొట్టె తిని, సిబ్బంది గదిలో హీటరు పక్కన పెందలాడే పడుకున్నాను.

శనివారం ఏడింటికి లేచి బయటికి వెళ్ళాను. రాత్రంతా తడి పొగమంచు పట్టిందట. ముందు కుడివైపు చూశాను. నా రెయిలింగు నిండా బొటనవేలి మందాన తెల్లటి గడ్డ. గోరుతో గీకాను, రాలేదు. బెవ్ రబ్బరు సుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేస్తే ముక్కలుగా ఊడింది, దాంతోపాటు పూతా లేచింది. నీటిబొట్టును దొర్లించే, కంటికి కనపడని ఆ సన్నటి గరుకులోకి పొగమంచు దూరి, అక్కడే గడ్డకట్టి పాతుకుపోయింది. రెండేళ్ళ పని.

ఎడమవైపూ గడ్డ ఉంది. బెవ్ సుత్తి ఎత్తబోతూ ఎడంచేత్తో ఊరికే ఒత్తింది. గడ్డ మొత్తం గొట్టంలా జారి కింద పడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత పోటీపడి, ఆ వైపంతా అరచేతులతోనే ఊడ్చేశాం.

రెండో మెట్టు మీదున్న పలకకూ అదే రబ్బరు పూత, నా రకం బూట్ల రాపిడికి ఆగదని దానికి ఇదే వేసి తెచ్చాను. దాని మీది గడ్డను బూటుతో తోశాను, పోయింది. ఉత్సాహంగా ఆ కాలే పలక మీద వేసి నిలబడబోయాను. మరుక్షణం మంచులో చతికిలబడి ఉన్నాను.

బెవ్ చెయ్యి అందించి లేపింది. "నేను ఐస్ మీద జారాను. నువ్వు పెయింటు మీద జారావు" అంది.

మంచును పట్టనివ్వనిది బూటును మాత్రం ఎందుకు పట్టనిస్తుంది? "మెట్లకు ఇది పూయను బెవ్. మీకు ఇంకో చెయ్యి కూడా విరుగుతుంది" అన్నాను.

"అంటే ఇంతదూరం వచ్చి నన్ను ఇసుకే చల్లుకోమంటున్నావా?"

"అవును. ముతకది. రెయిలింగు మాత్రం రెండువైపులా రబ్బరు పూతతో చేసిస్తాను."

ఆవిడ ఎడమ రెయిలింగును ఒకసారి నిమిరింది. "పట్టుకోవడానికి ఒకటుంటే చాల్లే" అని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

పదకొండింటి సొరంగం రైల్లో దిగి, ఒంటిగంట బస్సు అందుకున్నాను. రిపోర్టు మొదలుపెట్టాను. 'నా పూత పనికిరాలేదు' అన్న మొదటి వాక్యం రాయడానికి కూమా దాకా పట్టింది. అది రాశాక మిగతాదంతా గబగబా సాగింది, ఎడమ రెయిలింగు గురించే రెండు పేజీలయింది. ముగించేసరికి గౌల్బర్న్ వచ్చింది, బాగా ఆకలేసింది. దిగి మాంసం కూరిన వేడి 'మీట్ పై' ఒకటి కొనుక్కుని, దాని మీద సాసు కారేదాకా వేసుకుని నిలబడే తిన్నాను. ఓడిపోయి తిరిగొస్తున్న మనిషిలా మాత్రం లేను.

ఆ కొండకు మీరూ వెళ్తే మందపాటి గ్లవ్స్, గరుకు అడుగున్న బూట్లు మరచిపోకండి. ఇసుక చల్లిన మెట్లున్న లాడ్జి ఎదురైతే నిదానంగా దిగండి. ఎడమచేత్తో రెయిలింగు పట్టుకోండి, అది నేను పూసిందే.