గోడ మీద ఆరేసిన గోనెసంచులు

ఆ చలికాలం పొరుగింటి అక్క తన పట్టుపురుగుల గుడ్లు తెచ్చి నాకు అప్పగించింది. "నాది రేకుల ఇల్లు, చలి ఆగదు చెల్లె. నీ రూముల పెట్టుకో," అంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఇంటెనక మల్బరీ తోట ఒక్కటే. ఈ పంట పోతే ఆమె బతుకు ఆగమే.

పట్టుగుడ్డు మహా పెంకిది. ఇరవై ఐదు డిగ్రీల వెచ్చదనం కావాలి, గాలిలో తడీ కావాలి. చలెక్కువైతే ఆలస్యంగా పగులుతుంది. తడి తగ్గితే మాత్రం లోపలి పురుగు ఎండి చస్తుంది. అందుకే గదిలో హీటర్ పెట్టి, చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీశాను. గుడ్లలో నల్లచుక్క కనబడగానే, అన్నీ ఒక్కసారే పగలాలని, అవి అంటుకుని ఉన్న అట్టకార్డులకు నల్లగుడ్డ కప్పాను.

మర్నాడు మన్నెగూడలో చిన్నాన్న కూతురి పెళ్లి. సంచులు తడపమని మా ఆయనకు పదిసార్లు చెప్పి పోయాను. అక్కడ ముద్ద దిగితే ఒట్టు! సాయంత్రం బస్సు దిగి మా గల్లీలోకి తిరిగానో లేదో, ప్రహరీ గోడ మీద నా గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. ఇంట్లోకి పరుగెత్తాను.

"తడి సంచులకు రూమంత సల్లవడుతుందని తీసేసిన. సూడు, సరిగ్గ ఇరవై ఐదు!" అన్నాడు మా ఆయన, గొప్పగా.

"నీ ఇరవై ఐదు మన్నుల పడ! పక్కన తేమ మీటర్ కనవడలేదా?"

దాని ముల్లు అడుగుకు పడిపోయి ఉంది. నల్లగుడ్డ ఎత్తాను. నిన్న నిండుగా ఉన్న గుడ్లు నడుమ గుంటపడ్డాయి. సంచులు తడిపి మళ్లీ కట్టాను గానీ, లాభం లేదని నాకు తెలుసు.

అంతలో వాకిట్లోంచి అక్క కేకేసింది. "మంచిగున్నయా చెల్లె?"

"మంచిగనే ఉన్నయ్ అక్కా." ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో! భయమేసింది, అంతే.

తెల్లారగానే అక్క, పుట్టబోయే పురుగుల మేతకని తోటలోని లేతాకంతా కోసుకొచ్చి, నా గడప దగ్గర కూర్చుని సన్నగా తరగసాగింది. వెలుతురు తగిలితే గుడ్లు పగులుతాయని నేను గుడ్డ తీశాను. గంట గడిచింది. కార్డులన్నిటి మీదా కలిపి నాలుగైదు పురుగులు కదిలాయి. అక్క కత్తి ఆగింది.

"నిన్న నేనడిగినప్పుడు నీకెరుకేనా?"

"ఎరుకే అక్కా," అన్నాను.

"గుడ్లు మల్ల తెచ్చుకోవచ్చు. లేతాకంత కోసిన గద, తెచ్చినా దేంతోని సాకాలె? నిన్ననే చెప్తే ఏమైతుండె?"

తరిగిన ఆకు అక్కడే వదిలి లేచిపోయింది. మధ్యాహ్నానికి అది వాడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను చెల్లె అని పిలవలేదు.