జాలి తీసేసిన బండి

సోమవారం: కొత్త ఎయిర్ ఫిల్టరు బిగించిన మరునాడే, విశ్వవిద్యాలయపు ఎత్తు సగము ఎక్కి బండి ఆగిపోయినది. విద్యార్థులు చూచిరి.
మంగళవారం: అదే చోట ఆగినది. విద్యార్థులు ముందుగానే వచ్చి నిలుచుండి చూచిరి.
బుధవారం: ప్లగ్గు మార్పించితిని. నల్లని పొగ. వెనుకనుండి తోసిన విద్యార్థి ముఖము గుర్తుపట్టరాకపోయినది.
గురువారం: దుకాణదారుడు నాకు దయాగుణముపై ఉపన్యసించెను. నేను అడుగలేదు.
శుక్రవారం: ఇంటి యజమాని బండికి నిమ్మకాయ కట్టెను. అదియును అడుగలేదు.
శనివారం: బావ రేపు వచ్చుచున్నట్లు కార్డు.

ఆ రోజుల్లో అన్యాయం జరిగితే కొందరు పోట్లాడేవారు, కొందరు మరిచిపోయేవారు. నేను మూడో రకం, రాసి పెట్టుకునేవాణ్ణి. పైన ఇచ్చినది అరవైల చివరి సంవత్సరాల్లో, వానలు ముఖం చాటేసిన ఒక ఆషాఢ మాసపు వారంలో నేను స్వహస్తంతో రాసుకున్న పట్టిక. (కోపం వస్తే నాకు గ్రాంథికమే వచ్చేది. ఇప్పటికీ అంతే.) తేదీ వేయకుండా నేనేదీ రాయను; అయితే ఆ కాగితం ఎడమ అంచును ఎలుకలు తినేసి, వారాలను మాత్రం దయతలచి వదిలాయి. ఆ ఎలుకల మీద వేరే కాగితం ఉంది.

అప్పుడు నేను అనంతపురం నుంచి వచ్చి విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చెప్పే కుర్ర లెక్చరర్ని. తార్నాకలో ఒక ఇంటి ముందు భాగం అద్దెకు తీసుకుని, నా భార్యా నేనూ ఉండేవాళ్ళం. వెనుక భాగంలో ఇంటి యజమానీ ఆయన భార్యా. ఆయన ఊళ్ళో పొలం తమ్ముడికి అప్పగించి వచ్చిన మనిషి. ఏ యంత్రాన్ని చూసినా ఎద్దును చూసినట్టే ముందు నుదురు నిమిరి చూసేవాడు. ఇప్పటి తార్నాకను చూసినవారు నమ్మరు గానీ, అప్పుడక్కడ ఇళ్ళకన్నా బండరాళ్ళు ఎక్కువ, బండరాళ్ళకన్నా దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ములో నుంచి నేను రోజూ మోటారు సైకిలు మీద కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ఆ బండి నాది కాదు. మా బావది.

బావ అంటే మా అక్క భర్త. ఆయనకు కర్నూలు బదిలీ అయి, అక్కడ ఆఫీసు జీపు దొరకడంతో, ప్రాణంతో సమానంగా చూసుకునే ఆ బండిని నాకు అప్పగించి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మా అక్కా నా భార్యా వింటుండగా ఆయన పలికిన మాటలు ఇవి: "చూడబ్బా, దీన్ని బాగా పెట్టుకో. నేనొచ్చే పొద్దుకు బండి బాగుంటే నీకే ఇచ్చేస్తా. బాగలేకుంటే నేనే తీసుకపోయి బాగు చేయించుకుంటా." ఈ మాటలను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. సిటీ బస్సు మెట్టు మీద ఒంటికాలితో వేలాడుతూ చొక్కా మడత చెడకుండా తర్కం చెప్పడం ఎంత కష్టమో తెలిసిన వాడిగా, నాకు ఆ బండి కావాలి. ఎంత కావాలంటే, అది ఉన్నంత బాగా ఉంటే చాలదనీ, ఉన్నదానికంటే బాగుండాలనీ నిశ్చయించుకున్నాను. తార్నాక దుమ్ము ఇంజనులోకి పోకుండా కొత్త ఫిల్టరు వేయించాలన్న బుద్ధి అలా పుట్టింది.

తార్నాక చౌరస్తాలో విడిభాగాల దుకాణం ఒకటి ఉండేది. విడిభాగాలను అక్కడ పుర్జాలు అంటారు కనుక ఆ దుకాణం మనిషిని నేను పుర్జాలాయన అనేవాణ్ణి. బుగ్గలో పాన్ పెట్టుకుని, ఒకేసారి నలుగురితో బేరం చేస్తూ, అయిదో వాణ్ణి తిడుతూ ఉండేవాడు. కంపెనీది కాకుండా బయట తయారైన ఫిల్టరు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. నిజం చెప్పవద్దూ, నాకు మనసొప్పలేదు. "ఇది మా బావ ప్రాణంగా చూసుకున్న బండి నాయనా, పాతదాన్ని కదిలించాలంటే ఏదో బాధగా ఉంది" అన్నాను.

"పాత జాలి గీలి ఏం పెట్టుకోకుండ్రి సార్," అన్నాడు ఆయన చిల్లర లెక్కపెడుతూ. "జాలి తీసేసి టైటుగ బిగించుండ్రి. గంతే."

ఒక దుకాణదారుడు నా మనసులోని మెత్తదనాన్ని అంత చప్పున పసిగట్టడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ సలహా కఠినంగా ఉన్నా న్యాయంగానే తోచింది. ఆదివారం పొద్దున్నే పాత డబ్బా మూత ఊడదీశాను. కార్బురేటరు నోటి దగ్గర తీగ వల బిళ్ళ ఒకటి కనిపించింది. అది అక్కడ ఉండవలసినదే కాబోలనుకుని, దాని మీదనే కొత్త ఫిల్టరును పెట్టి, పళ్ళు బిగబట్టి, ఏ మాత్రం జాలి లేకుండా బోల్టులు బిగించాను. నా జీవితంలో అంత నిర్దయగా నేను చేసిన పని మరొకటి లేదు.

తరువాతి సంగతి పట్టికలో చూశారు. చదును నేల మీద బండి మర్యాదగానే నడిచేది. విశ్వవిద్యాలయం రాతి భవనం ముందు ఎత్తు రాగానే, రేసు ఇచ్చిన కొద్దీ ఆయాసపడి, నల్లటి పొగ వదిలి, చచ్చేది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించడం మా శాస్త్రంలో మొదటి పాఠం. సరిగ్గా ఆ పాఠమే ఆ వారం చెబుతున్నాను. మంగళవారం నాడు ముందు బెంచీ కుర్రాడొకడు ఎంతో వినయంగా అడిగాడు: "సార్, గాడ పొగ మస్తుగ ఉన్నది గానీ అగ్గి లేదు. మరి క్లాసుల గట్ల చెప్పినరు?" వాడి పక్కనున్నవాడు, "అరె, ఊకోరా, సార్ పరేషాన్‌ల ఉన్నడు. సార్, నూకాల్నా?" అన్నాడు. నూకమన్నాను. ఏమి చేస్తాను? తోయించుకుంటూ వెళ్ళి, చేతులు కడుక్కుని, నిప్పు లేనిదే పొగ ఎందుకుండదో వారికే గంటసేపు చెప్పాను.

నాది పద్ధతి గల మనస్సు. ఒక కారణాన్ని తీసుకుని, పరీక్షించి, కాదని తేలాక రెండోదానికి వెళ్ళాలి. ప్లగ్గు విప్పి చూస్తే మసి పట్టి ఉంది, మార్పించాను. రెండు రోజుల్లో కొత్తదీ అలాగే నల్లబడింది. పెట్రోలులో నీళ్ళున్నాయేమోనని ట్యాంకు దింపి ఆరబెట్టాను. కార్బురేటరులో చెత్త చేరిందేమోనని విప్పి ఊదాను. ఫిల్టరును మాత్రం ముట్టుకోలేదు. అది కొత్తది; వచ్చి వారమైనా కాలేదు; దాన్ని అనుమానించడం ఇంటికొచ్చిన చుట్టాన్ని దొంగగా అనుమానించడం లాంటిదని నా అభిప్రాయం. (వచ్చిన రోజు నుంచే వస్తువులు పోతున్నాయన్న సంగతి నా తర్కానికి తట్టలేదు.)

గురువారం బండిని తోసుకుంటూ పుర్జాలాయన దగ్గరికి పోయాను. ఆయన వంగి, ఫిల్టరు పక్కన వేలు పెట్టి చూశాడు.

"ఏంది సార్, జాలి ఇంక గట్లనే ఉన్నది?"

"ఉండదా మరి?" అన్నాను. "మా బావ బండి."

"బావదైతేంది, మామదైతేంది? జాలి తీసెయ్యమని చెప్పలేదా మీకు?"

"తీసేసే బిగించినాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా బిగించినాను."

"మరి గిది ఉన్నది గద!"

"మనిషన్నాక ఎంత తీసేసుకున్నా కొంచెం మిగలదా నాయనా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పాన్ ఉమ్మేసి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు: "సార్, ఒక్క జాలి ఉంటే మంచిదే. రెండు రెండు పెట్టుకుంటే బండికి దమ్ము యాడికెళ్ళొస్తది?" అంతలో ఎవరో లారీవాడు కేకేస్తే అటు తిరిగాడు. నేను ఆగలేదు; మండిపడుతూ వచ్చేశాను. రెండు జాలులట! ఒకటి బావ మీదా, ఒకటి బండి మీదా అని నేనే వర్గీకరించుకున్నాను. బండి బాగుచేయమని పోతే, నా హృదయాన్ని బాగుచేయడానికి ఇతడెవరు?

శుక్రవారం ఇంటి యజమాని బండి హెడ్‌లైటును నుదురులా నిమిరి, "దీనికి మందు ఏం లేదు సార్, దిష్టి తగిలింది" అని తేల్చి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. ఆ రోజు బండి ఎత్తు దాకా కూడా పోలేదు. శనివారం మధ్యాహ్నం కార్డు వచ్చింది. బావ చేతిరాత. రేపు పొద్దున్నే కాచిగూడలో దిగుతున్నాడు. "బండిని చూడవలెనని ఉన్నది" అని రాశాడు. మా ఆరోగ్యం సంగతి అడగలేదు.

బండి చేజారిందని నాకు అర్థమైంది. వరండాలో కూర్చుని, బస్సు మెట్టు మీద నా భవిష్యత్తును ఊహించుకుంటున్నాను. అప్పుడు పెరటి గోడ అవతల నుంచి ఇంటామె గొంతు వినిపించింది: "బిడ్డా, జాలి మూసినవా? పిల్లి పాలకాడనే తిరుగుతున్నది!"

"మూసినానమ్మా," అంది మా ఇంట్లో నుంచి నా భార్య. "జాలికి గడె గూడా పెట్టినా."

నేను లేచి లోపలికి వెళ్ళాను. "దేనికి గడె పెట్టినావు?"

"జాలికి."

"జాలికి గడె ఏమిటి?"

ఆమె నా వంక అదోలా చూసి, వంటింటి మూలనున్న చెక్క అలమారు చూపించింది. పాలూ పెరుగూ పెట్టుకునేది. తలుపులకు సన్నటి ఇనుప తీగల వల. "ఇదేనండీ జాలి. ఈడ తీగ వలను అట్లే అంటారు. వచ్చిన కొత్తలో ఇంటామె 'పాలు జాలిల పెట్టు బిడ్డా' అంటే, పాపం నా మీద జాలిపడి పాలు పోస్తాందేమో అనుకొని గిన్నె తీసుకొని పోయినా."

"మరి జాలిని ఏమంటారు?"

"దాన్ని గూడా జాలే అంటారు."

"ఇన్ని నెలలుగా ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడు పాలు ఎత్తిపెట్టినారు గనక?"

పానా పట్టుకుని పరుగెత్తాను. కానీ నిర్దయగా బిగించిన బోల్టులు నా మీద నిర్దయగానే ఉన్నాయి. నా అరచేతులు ఎర్రబడ్డాక ఇంటి యజమాని వచ్చి, ఒకప్పుడు తన పొలం మోటారుకు వాడిన బారెడు పానా తెచ్చి, మీద వాలి, మూలిగాడు. "ఎవడు బిగించిండు సార్ గిట్ల? వానికి జర్రంత జాలి గూడ లేదా?" అన్నాడు. ఏ జాలి అని నేను అడగలేదు.

ఫిల్టరు ఊడింది. వెనుక పాత తీగ బిళ్ళ ఉంది. దాని కళ్ళన్నీ నూనెతో, ఏడాది తార్నాక దుమ్ముతో పూడుకుపోయి రొట్టెలా ఉంది. గాలి లోపలికి పోక, పెట్రోలు మాత్రం పోయి, నా బండి వారం రోజులుగా ముక్కు మూసుకుని కొండ ఎక్కుతోందన్న మాట. బిళ్ళను తీసి పారేసి, కొత్త ఫిల్టరును ఒంటరిగా పెట్టి, ఈసారి తగినంత దయతో బిగించి, కిక్కు కొట్టాను. ఆ చప్పుడు! ఎత్తు మీదికి తీసుకుపోయాను. పొగ లేదు, ఆయాసం లేదు. సెలవు సాయంత్రం కావడంతో చూడడానికి ఒక్క విద్యార్థి కూడా లేడు. (ఇది కూడా పట్టికలో చేర్చవలసిన అన్యాయమే.)

ఆదివారం బావ కాఫీ అయినా తాగకుండా బండి ఎక్కాడు. విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి, ఎత్తెక్కి, దిగి వచ్చాడు. జుట్టు రేగి, ముఖం వెలిగిపోతోంది. కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"రేయ్, ఏం చేసినావురా దీనికి? నా చేతిలో ఉన్నప్పుడు గూడా ఇట్ల పోలేదే!"

నాకు గర్వం పొంగింది. విషయమంతా చెప్పవలసింది పోయి, కొత్తగా నేర్చుకున్న మాట నాలుక మీద ఆడుతుంటే ఆగలేక, "జాలి తీసేసినాను బావా, అంతే" అన్నాను.

ఆయనదీ మా అనంతపురమే. అర్థం చేసుకోవలసినట్టే చేసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ నా భార్య వైపు చూసి, నా వైపు చూసి, "అయితే నేను గూడా తీసేస్తాండా. బండి తీసుకపోతా" అన్నాడు.

"బాగుంటే నాకే ఇస్తానన్నావు కదా బావా!"

"బాగుంటే అన్న్యా. ఇంత బాగుంటే అన్లేదు కదప్పా."

ఆ సాయంత్రమే బండిని గూడ్సులో వేయించాడు. స్టేషను నుంచి నేను బస్సులో వచ్చాను, మెట్టు మీద.

ఆ బండి కర్నూలులో చాలా ఏళ్ళు తిరిగి, ముసలిదై, తుక్కుగా పోయిందని విన్నాను. బావా నేనూ కూడా ముసలివాళ్ళమయ్యాం. ఇప్పుడు ఎవరైనా ఆ బండిని తెచ్చి గుమ్మంలో నిలబెట్టినా కిక్కు కొట్టే మోకాలు నాకు లేదు. అయినా కోరిక వేరు, న్యాయం వేరు. ఫోనులో ఈ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఆయన "చూస్సాంలేరా" అని నవ్వుతున్నాడు. కనుక ఇందుమూలంగా మా బావగారిని లాంఛనంగా కోరుతున్నాను:

తార్నాకలో సాక్షుల సమక్షంలో తమరు పలికిన "బాగుంటే" అను మాటలో "ఇంత బాగుంటే" అనునది చేరునో, చేరదో, కారణసహితముగా, స్వహస్తముతో, సంతకముతో తెలియజేయవలెను. నవ్వు సమాధానముగా స్వీకరింపబడదు. "చూస్సాంలే" అనునదియు స్వీకరింపబడదు. జాబును తపాలాలో వేయుటకు బద్ధకమైనచో తమరే స్వయముగా తెచ్చి ఇయ్యవచ్చును. మా వాకిలికి ఇప్పుడు జాలి తలుపు వేయించితిమి. దానికి గడె పెట్టుట లేదు.