గంపలో బిడ్డ

యుద్ధం జరుగుతున్న రోజులు. మదనపల్లెలో మేముండే వీధికి కరెంటు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఇంటికంతా ఒకటే బల్బు. మిషన్ బడిలో పంతులైన మా నాయన దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. నేనైతే తోటి పిల్లల ముందు తెగ గొప్పలు పోయేదాన్ని. ఆ చలికాలం తమ్ముడు ఏడో నెలలోనే పుట్టేసరికి బల్బుకు కొత్త పని పడింది. నాయన దూది పరిచిన గంపలో బిడ్డను పడుకోబెట్టి, వేడి తగిలేట్టు బల్బును కిందికి వేలాడదీశాడు.

అంతకుముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. అందుకని పాలు పిండి ఇచ్చేదే గాని గంప దగ్గరికి వచ్చేది కాదు. దూదితో పాలు పట్టేది కుప్పం నుంచి వచ్చిన మా అవ్వ, నాయన తల్లి.

ఎనిమిదో రోజు ముసురు పట్టింది. పొద్దున మేం గంజి తాగుతుండగా బల్బు ఆరిపోయింది. పుంగనూరు రోడ్డులో స్తంభం పడిందని, ఎప్పుడు బాగవుతుందో తెలియదని నాయన కనుక్కొచ్చాడు. వచ్చి చూస్తే బిడ్డ కాళ్లు చల్లగా ఉన్నాయి. వెంటనే మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రార్థన నేను చేస్తాలే. నువ్వు పోయి బొగ్గులు యాడన్నా ఉండాయేమో సూడు," అంది అవ్వ.

కుంపటి రాజేస్తే పొగకు బిడ్డ ఉక్కిరిబిక్కిరయింది. కుంపటిని వసారాలోకి మార్చి, ఇటుకలు కాచి, గుడ్డల్లో చుట్టి గంపలో పెడుతూ వచ్చాం. మధ్యాహ్నానికి బొగ్గులు అయిపోయాయి. అవ్వ బిడ్డను రొమ్ముకు ఆనించుకుని కంబళి కప్పుకుంది. కాసేపటికి ఆమే వణకసాగింది. నా బల్బును లాక్కున్నాడని తమ్ముడంటే నాకు కోపమే. అయినా చచ్చిపోతాడేమో అనుకుంటే ఏడుపు ఆగలేదు.

అవ్వ లేచి అమ్మ మంచం దగ్గరికి పోయింది.

"నా ముసిలి ఒంట్లో యాడుండాది వేడి? నువ్వు తీసుకో."

అమ్మ గోడ వైపు తిరిగింది. "నా వల్ల కాదత్తా. ఆ ఇద్దురూ నా చేతుల్లోనే పోయినారు."

"పోతే నీ దగ్గరే పోనీ. గంపలో ఎందుకు పోవల్ల?"

అమ్మ ఇటు తిరిగి, లేచి కూర్చుని చేతులు చాపింది. అవ్వ బిడ్డను ఆమె రవికలోకి దించి రెండు కంబళ్లు కప్పింది. అమ్మ ఊపిరి కూడా భయంభయంగా తీసుకుంటోంది. నేను మాటిమాటికీ కంబళి కింద చెయ్యి పెట్టి ఆ కాళ్లు తాకి చూస్తున్నాను. మూడు గంటల వేళకు వెచ్చబడ్డాయి.

పొద్దు గూకక ముందే బల్బు వెలిగింది. నాయన సంబరంగా గంప సర్ది, బిడ్డ కోసం చేతులు చాపాడు.

"తియ్యాకండి. వీడు ఈడే ఉంటాడు," అంది అమ్మ.

ఎనిమిది రోజులుగా బిడ్డను 'అది' అనే అంటూ వచ్చిన మనిషి.