సిమ్ లేని ట్యాబు, నా కారు తాళం

"అత్తయ్యగారూ, బండారులంకలో ఆగేరేంటండి?" అని మా అల్లుడుగారు ఫోన్ చేసేసరికి నా ఒళ్ళో సగం విప్పిన చీర ఉంది. మగ్గం పక్కన చాప మీద కూర్చుని, ఆ అంచు రంగు నాకు నప్పుతుందా లేదా అని చూసుకుంటున్నాను. అక్కడ ఆగుతానని నేను ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసిందండీ అని అడిగాను.

"ఆయ్, మా ఫోన్లో మీరు కనబడతారు కదండి. అరగంట నుంచి మీ చుక్క కదలట్లేదు. కంగారుపడ్డాం" అన్నారు.

ఎంతో మర్యాదగా అన్నారు. మా వైపు మనిషిని కట్టెయ్యడానికి తాడు అక్కర్లేదు, ఆ 'అండి' చాలు. చీర మడిచి ఇచ్చేసి లేచిపోయాను. ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మావారు పోయాక కారు నా పేరున మార్పించుకున్నాను. అరవై దాటాక అమలాపురంలో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి సోషలు చెప్పినదాన్ని, నల్లబల్ల మీద గోదావరి పాయలన్నీ చూడకుండా గీసేదాన్ని. అలాంటిదాన్ని దారి తప్పుతానని మా అమ్మాయీ అల్లుడూ కలిసి ఆ స్మార్ట్‌ఫోను కొనిచ్చారు. అందులో వాళ్ళేం పెట్టారో ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఆ ఫోను తీసుకెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టేశాను. సిమ్ తీసి నా పాత బటన్ ఫోన్లో వేసుకున్నాను. అక్కణ్ణించి నేరుగా బజారుకెళ్ళి ట్యాబు అడిగాను, సిమ్ పెట్టే చోటే లేనిది.

"సిమ్ లేకపోతే దారెలా చూపిస్తుందండీ?" అన్నాడు షాపతను. పక్కన ఇంకొకాయన, సిమ్ లేనివాటిలో కొన్నిటికి జీపీఎస్ కూడా ఉండదండీ, చూసి తీసుకోండీ అన్నాడు. అదే చూస్తానన్నాను. షాపు వైఫై మీద ఆ చుట్టుపక్కల మ్యాపు దింపించి, వైఫై ఆపించి, ట్యాబు పట్టుకుని రోడ్డు మీదకొచ్చాను. చెప్పుల దుకాణం దాటి మందుల షాపు దాకా నడిచాను. నీలం చుక్క నాతోపాటే నడిచింది. దాని కబురు ఆకాశం నుంచి వస్తుంది, ఇక్కణ్ణించి ఎవరికీ పోదు. నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది, నాకు మాత్రమే. ఆ నడి బజారులో నాకు నవ్వాగలేదు.

ఇది తెలిసి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఇద్దరూ కొత్తపేటలో మా ఇంటికొచ్చారు.

"అమ్మా, ఎక్కడో పడిపోతే మాకెలా తెలుస్తుంది?" అంది మా అమ్మాయి. దాని కళ్ళలో నీళ్ళున్నాయి. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి దానికి ఫోన్ మోగినా భయమే. అర్థమైంది. అయినా నా కోపం తగ్గలేదు.

అల్లుడుగారు మధ్యేమార్గం చెప్పారు. "వెళ్ళండి అత్తయ్యగారూ, మేం వద్దంటామేంటండి. కాకపోతే ఒక్కసారి దారి తప్పినా కారు తాళం మాకిచ్చెయ్యండి. కావలసినప్పుడల్లా నేనే వచ్చి తిప్పుతానండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. పౌరుషంలో నోరు జారింది. ఆ ఒక్క మాటతో కారు పందెంలో పెట్టేశానని వాళ్ళు వెళ్ళాక గానీ తెలియలేదు.

శనివారం పొద్దున్నే బయలుదేరాను. గోదావరి సముద్రంలో కలిసే చోటు గురించి అన్నేళ్ళు పాఠం చెప్పాను. చూడ్డం మాత్రం ఎప్పుడూ బస్సు నిండా పిల్లలతోనే, వాళ్ళని లెక్కపెట్టుకుంటూ. ఈసారి ఒక్కదాన్నే అంతర్వేది వెళ్ళాలనుకున్నాను. జిల్లా మొత్తం మ్యాపు పక్కింటివాళ్ళ వైఫై మీద ముందే దింపుకున్నాను. ట్యాబుని డాష్‌బోర్డు మీద నిలబెట్టి వెడల్పు ఎలాస్టిక్కుతో బిగించాను. బటన్ ఫోను కావాలనే ఫ్రిజ్ మీద వదిలేశాను. తెలివైన పనేం కాదు. చెయ్యాలనిపించింది, చేశాను.

పి.గన్నవరం దాటాను, రాజోలు దాటాను. ట్యాబులోని గొంతు ఎక్కడ తిరగమంటే అక్కడ తిరిగాను. ఆ తర్వాత ఒకచోట కల్వర్టు పని కోసం రోడ్డంతా తవ్వేసి ఉంది. ఆ సంగతి ట్యాబుకి తెలీదు. దానికి తెలిసిందల్లా నేను దింపుకున్న రోజు నాటి రోడ్డే. ఎడమకి తిప్పగానే ఇంకో దారి వెతికి చూపించింది. సందులోకి పంపింది, సందులోంచి కాలవగట్టు మీదకి పంపింది. గట్టు సన్నబడుతూ సన్నబడుతూ పోయి, రెండు రొయ్యల చెరువుల మధ్య ఇనప గేటు దగ్గర ఆగిపోయింది. ట్యాబులో మాత్రం నా ముందు దారి తిన్నగా ఉంది. ఒకప్పుడు చేల మధ్య బండిదారి అయ్యుంటుంది. చెరువు తవ్వినవాళ్ళు దానికి చెప్పలేదు.

కారు తిప్పే చోటు లేదు. రెండు పక్కలా నీళ్ళు. తాళం అల్లుడుగారి చేతికి పోయిందే అనుకున్నాను.

చెరువు కాపలా ఉండే పెద్దాయన తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. "ఎవరింటికండీ?"

"ఎవరింటికీ కాదండి. అంతర్వేది వెళ్ళాలండి."

"ఒక్కరేనాండి?" అని కారులోకి తొంగి చూశాడు. "అయ్యో, ఇటెందుకొచ్చేరండి? ఇంట్లో మగవాళ్ళకి ఫోన్ కొట్టమంటారా? నంబరు చెప్పండి" అని జేబులోంచి ఫోను తీశాడు.

అల్లుడుగారి నంబరు నాకు నోటికొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఫోనొద్దండి. మీరు నా వెనకాల నిలబడి చెరువు ఎటుందో చెప్పండి చాలు" అన్నాను.

"పోనీ మా చెరువు దగ్గర డ్రైవరున్నాడండి, వచ్చి తీసి పెడతాడు."

"నేనే తీస్తానండి."

"రానివ్వండి... రానివ్వండి... కొంచెం కుడికి... ఆయ్, రానివ్వండి" అంటూ ఆయన వెనక్కి నడుస్తుంటే, ఆ గట్టంతా రివర్సులో వచ్చాను. రెండుసార్లు బండి ఆగిపోయింది. చక్రం ఒకసారి అంచుకి జారితే ఆయన ఒక్క అరుపు అరిచాడు. సందు చివరికొచ్చేసరికి నా జాకెట్టు తడిసి ముద్దయింది. అసలు రోడ్డెక్కే దారి చేత్తో చూపించి, "గట్టివారేనండి" అన్నాడు. ఇంతవరకూ ఏ సన్మానంలోనూ నాకంత సంతోషం కలగలేదు.

అంతర్వేదిలో గంటసేపు ఇసకలో కూర్చున్నాను. మట్టిరంగు నీళ్ళు ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలవుతుందో తీరిగ్గా చూశాను. ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇద్దరూ అరుగు మీదే ఉన్నారు. ఫ్రిజ్ మీద ఫోను మోగీ మోగీ ఆగిపోయిందట. అమ్మాయి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. అప్పుడు మాత్రం తప్పు చేశాననిపించింది, దానికా మాట చెప్పాను.

అల్లుడుగారు బానెట్టు మీద బురద చూశారు, చక్రాలు చూశారు. "దారి తప్పేరాండి?" అన్నారు మెల్లిగా.

అబద్ధం చెప్పొచ్చు. ఆ చెరువు కాపలా ఆయన తప్ప చూసినవాళ్ళెవరూ లేరు.

"ఆయ్, తప్పేనండి. రొయ్యల చెరువు దాకా పోయేను. వెనక్కొచ్చి, దారి కనుక్కుని, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళొచ్చేను."

ఆయన చెయ్యి చాపారు. "మాటిచ్చేరు కదండి మరి. తాళం."

"మీ మావయ్యగారు ఇదే కారుతో ఎన్నిసార్లు దారి తప్పేరో మీకు తెలీదండి. పక్క సీట్లో నేనున్నాను. ఒక్కరోజు కూడా ఆయన్ని తాళం ఎవరూ అడగలేదు. అవును, మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఇవ్వను."

ఆయన చెయ్యి దించకుండానే అమ్మాయి వైపు చూశారు. అది చూరుకేసి చూస్తోంది. చివరికి చెయ్యి దించి, "సర్లెండి. ఇంతకీ ఎక్కడికెళ్ళేరండి?" అన్నారు.

తాళం కొంగున ముడేసుకుని లోపలికి నడుస్తూ, "టీలో మీకు పంచదార ఎన్ని చెంచాలండి?" అన్నాను.