టీచరమ్మ మిద్దె మీది టవర్

మా వీధి సైన్సు టీచరమ్మ పోయిన కబురు నాకు బస్సులో అందింది. బహదూర్‌పురా నుంచి సంతోష్‌నగర్ వస్తున్నాను. ఆమె కొడుకు ఫోన్‌లో ఏడుస్తూ చెబుతున్నాడు, ఒక్క మాట కూడా తెగలేదు. బస్సు కదులుతున్నా ఫోన్ ఎందుకు తెగదో నాకు చెప్పింది ఆమే. "ఒక టవర్ ఫోన్‌ను ఊకెనే ఇడువదు బిడ్డా. ముందటి టవర్‌కు చెప్పి, అప్పజెప్పినంకనే చేతులు దులుపుకుంటది."

ముసలి గుండె ఆగిపోయింది. డాక్టరు చెప్పింది అంతే. కానీ శవం లేవకముందే వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "మిద్దె మీద టవర్ పెట్టుకున్నది, అదే తిన్నది." నాకు ఒళ్లు మండింది. ఎక్కువ మండింది ఎందుకంటే, ఒకప్పుడు నేనూ ఇట్లాగే మాట్లాడినవాణ్ని.

కొన్నేళ్ల కింద ఆ టవర్ లేచినప్పుడు, రేడియేషన్‌తో రోగాలొస్తాయని, దాన్ని తీసేయమని కాగితం రాసి ఇంటింటికీ తిప్పినవాడు స్టీలు సామాన్ల సేటు. అందులో రెండో సంతకం నాది. ఆ సాయంత్రమే టీచరమ్మ పిలిచింది. తిడుతుందనుకున్నాను. చాయ్ ఇచ్చి, నన్ను వీధి చివర నిలబెట్టి, తను గడపలో నిలబడి పేరు చెప్పమంది. వినపడలేదంది. గొంతు చించుకున్నాను. తర్వాత దగ్గరికి పిలిచి మళ్లీ చెప్పమంది. ఈసారి మెల్లగా చెప్పినా సరిపోయింది.

"టవర్ మాటలు ఫోన్ ఇంటది, ఫోన్ మాటలు టవర్ ఇనాలె. టవర్ దూరమైతే ఫోన్ గిట్లనే ఒర్లుతది, రేడియేషన్ ఎక్కువ ఇడుస్తది. ఆ ఒర్లుడు నీ చెవి పక్కనే గదా."

"మరి టవర్ కింద ఉన్నోళ్ల సంగతేంది?"

"దాని చూపు ముంగటికి, కిందికి గాదు. ఫికర్ ఉంటే మీటర్ తెచ్చి రేడియేషన్ కొలిపియ్యి, నిచ్చెన నేను పట్టుకుంట. కొలవకుండ మాత్రం భయపడకు."

కొలిపించాను. కొంగు నడుముకు చెక్కుకుని ఆమె నిజంగానే నిచ్చెన పట్టుకుంది. మీటర్ చూపిన లెక్క సర్కారు పెట్టిన హద్దుకు చాలా కిందే ఉంది. అయినా నా సంతకం కొట్టేయమని సేటును అడగడానికి నోరు రాలేదు. ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

పదో రోజున నేను టీచరమ్మ అరుగు మీద కూర్చుని ఉంటే, సేటు టవర్ తీసేయమనే కొత్త కాగితం పట్టుకుని ఏకంగా అక్కడికే వచ్చాడు.

"భాయ్, నీ సంతకం ఫస్టు. ఇంకెంతమంది పోవాలె?"

"గుండె ఆగి పోయింది సేటూ. డాక్టరు రాసిచ్చింది లోపల ఉన్నది, సదువు. నేను సంతకం చెయ్య. పాత కాగితంల నా పేరు గూడ కొట్టేయ్."

"వీధంతా ఒక దిక్కు, నువ్వొక్కనివి ఒక దిక్కా?"

"అవును. మళ్ల మీటర్ తెప్పిస్త. నిచ్చెన నేను పట్టుకుంట."

ఆమె చావును ఆమె తప్పుగా రాయడానికి నేను ఒప్పుకోను. ఎంతమంది సంతకాలు పెట్టినా ఒప్పుకోను.

అంతలో సేటు ఫోన్ మోగింది. సోలాపూర్‌లో ఉన్న కూతురు. టవర్ రాకముందు ఆ పిల్లతో మాట్లాడాలంటే మిద్దెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి వీధంతా వినేలా అరిచేవాడు. ఇప్పుడు కాగితం చంకలో పెట్టుకుని, టీచరమ్మ గడపకు ఆనుకుని, "తిన్నవా బిడ్డా" అని మెల్లగా అడుగుతున్నాడు.