తంగేడు తమ్ముడు

నా చిన్నప్పుడు అమెరికాలో మేముండే రీనో ఊళ్ళో ఎండాకాలం వెళ్ళిపోతూ పోతూ కొండలకు పసుపు రాసి వెళ్ళేది. ఏడాదంతా బూడిదరంగులో, ఎవరికీ పట్టనట్టు పడి ఉండే ఎడారి పొదలు అప్పుడు పూసేవి. స్కూల్లో వాటిని రాబిట్‌బ్రష్ అనేవారు. మా అపార్ట్‌మెంట్ వెనక కంచె దాటితే అంతా అవే. సాయంత్రం పూట వాటి మధ్య కూర్చుంటే, వెలుగు ఆకాశం నుంచి కాక నేల నుంచి వస్తున్నట్టుండేది. తేనెటీగల రొద తప్ప ఏమీ వినిపించేది కాదు. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి నాకది ఇష్టం.

నాకు ఎనిమిదేళ్ళు వచ్చేనాటికి, నేను తెలుగులో మాట్లాడటం మానేసి ఏడాదైంది. ముందటేడు బతుకమ్మ పండక్కి ఊళ్ళోని తెలుగువాళ్ళందరం ఒక హాల్లో చేరినప్పుడు, పూల పళ్ళెంతో లోపలికి వస్తున్న ఆంటీని చూసి సంబరంగా "బతుకమ్మ వచ్చాడు" అన్నాను. హాలంతా నవ్వింది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా, "ఏమ్మా, బతుకమ్మ వచ్చాడా?" అని ఎవరో ఒక అంకుల్ పలకరించేవారు. నోరు మూసుకోవడమే తేలికనిపించింది. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చేదాన్ని. అమ్మ మెల్లగా అడగడమే తగ్గించింది. మా ఇద్దరి మధ్యా ఏదో పలచబడుతోందని నాకు తెలుస్తూనే ఉండేది. ఏం చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు.

ఆ ఏడు మా కింది వాటాలోకి, కరీంనగర్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఒక అక్క చేరింది. పండగ దగ్గరపడేసరికి ఆమెకి బెంగ పట్టుకుంది. "స్టోర్‌ల అన్నీ చామంతులేనే చెల్లె. తంగేడు లేంది గదేం బతుకమ్మ?" అంది. నేను చెయ్యి పట్టుకుని కంచె వెనక్కి తీసుకెళ్ళాను. అచ్చం తంగేడులాంటి ఆ పసుపు చూడగానే అక్క చున్నీ పరిచింది.

చున్నీ నిండా కోసుకున్నాం. ఆ పువ్వుది వింత వాసన. మగ్గిన అనాసపండుకీ కొత్త టైరుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అక్క మాట్లాడుతూనే ఉంది, నేను తలూపుతూనే ఉన్నాను. "నీకు మాటలొస్తలేవా, దాసుకుంటున్నవా?" అని అడిగింది. నేను ఇంగ్లిష్‌లో, గొణుగుతూ, "వచ్చాడు" సంగతి చెప్పాను. అక్క నవ్వలేదు, ఓదార్చనూ లేదు. ఇంకో కొమ్మ తుంచి చున్నీలో వేసుకుంది.

పండగ రోజు హాల్లో, మేం పేర్చిన బతుకమ్మ దగ్గరకొచ్చిన ఒక ఆంటీ ముక్కు చిట్లించింది. "ఇదేం పువ్వమ్మా? తంగేడు కాదుగా?"

అక్క ఎప్పుడూ వచ్చిండు, పోయిండు అనే మనిషి. అప్పుడు మాత్రం నా వంక చూస్తూ, నేను పలికినట్టే పలికింది. "తంగేడుకి వీసా రాలేదు ఆంటీ. వాళ్ళ తమ్ముడు వచ్చాడు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట గాల్లో దూదిపింజలా తేలుతున్నట్టనిపించింది. ఏడాదిపాటు నన్ను వెంటాడిన మాటే. దానికి తగిన మనిషి ఒకడు దొరికేసరికి తప్పు కాకుండా పోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తమ్ముడు స్నానం చెయ్యలేదు ఆంటీ," అన్నాను. "అందుకే కంపు కొడుతున్నాడు."

హాలంతా మళ్ళీ నవ్వింది. ఈసారి నేను ఎలా అన్నానన్నదానికి కాదు, ఏమన్నానన్నదానికి. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా ఆ తేడా తెలుస్తుంది. అమ్మ ఒక్కతే నవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, "ఇంకేమంటున్నాడే తమ్ముడు?" అని నెమ్మదిగా అడిగింది. ఇంటికి వెళ్ళేదాకా కార్లో చెబుతూనే ఉన్నాను, సగం తప్పులతో. అమ్మ ఒక్కటీ దిద్దలేదు.

ఇప్పుడు నేనొక లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు కౌంటర్ దగ్గరకొచ్చి, ఒక మాట తడబడి, తల దించుకుంటుంటారు. సరిదిద్దడం తేలికే. నేను ముందు, ఆ మాట ఒప్పయ్యే వాక్యం ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతాను. చాలాసార్లు దొరకదు. దొరికినప్పుడు మాత్రం వాళ్ళు తలెత్తి ఇంకో మాట మాట్లాడతారు.