తరిగొప్పుల దాటాక సీమంతం

గుడివాడ నుంచి పొద్దున్నే బెజవాడ వెళ్లే బండిలో, మా ఆడవాళ్ల పెట్టెలో, ఒకమ్మాయికి తొమ్మిదో నెల. ఆమె సీటు కోసం రోజూ అరిచేది నేనే. "కడుపుతో ఉన్న పిల్ల ఉంది, జరగండి!" అంటే ఎవరైనా జరగాల్సిందే. నా నోటికి ఆ లైన్లో కొంచెం పేరుంది.

మర్నాటి నుంచి ఆమెకు సెలవు. ఇష్టపడి పెళ్లి చేసుకుందని అటూ ఇటూ పెద్దవాళ్లు మాట్లాడటం మానేశారు. ఇక సీమంతం ఎవరు చేస్తారు? బండిలోనే చేసేద్దామని మేం నలుగురం గాజులు, పసుపు కుంకుమ, చలిమిడి తెచ్చాం. తీరా చూస్తే ఆ రోజే పెట్టెలో గాలాడనంత జనం. డబ్బా మూత తీసే చోటు కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది.

తరిగొప్పుల స్టేషను దాటాక ఫ్యాన్లు ఆగాయి, బండీ ఆగింది. "పై వైర్లో కరెంటు పోయిందమ్మా, ఇప్పట్లో కదలదు" అన్నాడు గార్డు. ఆఫీసు తొందరున్నవాళ్లు తిట్టుకుంటూ దిగి, పొలం గట్లమీద పడి రోడ్డు వైపు నడిచారు. చూస్తుండగానే పెట్టె ఖాళీ! నాకు ఈల వెయ్యాలనిపించింది. మాకు ఆబ్సెంటు పడితే పడనీ.

ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి బుగ్గలకు పసుపు రాశారు. ఒళ్లో చలిమిడి పెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఒకటే పురమాయిస్తున్నాను. మా ఆయన పోయాక ఇలాంటి చోట్ల కాస్త దూరంగా ఉండటం అలవాటైంది. ఎవరో పొమ్మన్నారని కాదు, పొమ్మనేదాకా ఎందుకని.

"దేవుడా, ఇంకాసేపు కరెంటు రానివ్వకు" అనుకుంటుంటే, ఎడం చేతికి గాజులయ్యేసరికి ఫ్యాన్లు తిరిగాయి. "అప్పుడే వచ్చేసిందా!" అని అందరం ఒక్కసారే అరిచాం.

"ఆగండి, ఈ చేతికి ఎవరూ వెయ్యొద్దు" అందా అమ్మాయి. "ఆంటీ, మీరు రండి."

"నేనెందుకమ్మా? వాళ్లున్నారుగా."

"రోజూ నాకోసం పోట్లాడేటప్పుడు మీరే కదండీ ఉన్నారు. ఇప్పుడు మాత్రం వాళ్లెందుకు? త్వరగా రండి, ఉప్పలూరు వచ్చేస్తోంది!"

మిగతావాళ్ల మొహాలు చూశాను. అప్పటికే ఒకావిడ గాజుల పెట్టె నా చేతిలో పెట్టేసింది. కదులుతున్న బండిలో ఒక్కొక్కటీ ఎక్కించాను, ఒక్కటీ చిట్లలేదు.

ఉప్పలూరులో జనం తోసుకుంటూ ఎక్కారు. పసుపు చేతులు అడ్డం పెట్టి గట్టిగా అరిచాను.

"మా అమ్మాయి ఉంది, జరగండి!"